మళ్లీ నొక్కండి

ఒబైద్ ఊళ్లో మా తుమ్మబంక ఫ్యాక్టరీ గేటు పక్కన వేలిముద్ర మిషన్ బిగించిన రోజున దాన్ని చూసి మురిసిపోయింది ఒక్క సిత్నాయే. మిగతా ఆడవాళ్లందరం తిట్టుకున్నాం. అప్పటిదాకా ముసలి కాపలాదారుకు సలాం చెప్పి లోపలికి పోయేవాళ్లం. కాస్త ఆలస్యమైతే పిల్లకి జ్వరమనో, బస్సు రాలేదనో చెప్పుకునేవాళ్లం. మిషన్‌కి మన జ్వరాలతో పనేముంది? వేలు పెడితే లోపలినుంచి ఓ ఆడగొంతు "ధన్యవాదాలు" అంటుంది. ముద్ర పట్టకపోతే "మళ్లీ నొక్కండి" అంటుంది. అంతకు మించి దానికి మాటలు రావు.

సిత్నా వేలు ఎప్పుడు పెట్టినా ఒక్కసారికే పట్టేది. "చూశావా బతూల్ పెద్దమ్మా, నన్నెంత బాగా గుర్తుపడుతుందో!" అని నాతో గొప్పలు పోయేది. పాపం, దాన్ని గుర్తుపట్టి పలకరించేవాళ్లు అప్పుడు ఇంకెవరూ లేరు మరి. మొగుడు తిజానీ పోర్ట్ సూడాన్ దారిలో లారీ నడుపుతాడు. పోయిన వానలకు ముందు వెళ్లినవాడు, ఈ వానలు కూడా వెనకబట్టినా ఇల్లు చేరలేదు. ఫోన్ చేస్తే ఓసారి టైరు లేదంటాడు, ఓసారి లోడు లేదంటాడు. తిజానీ ఇంకెక్కడో ఇల్లు పెట్టేశాడేమోనన్న భయం సిత్నాను లోపల్లోపల తినేస్తుండేది. బయటికి మాత్రం నోరు పెద్దది.

బంక ఏరే గదిలో నాకు ఓ పక్క సిత్నా, ఇంకో పక్క ఇఖ్లాస్. మేం పుల్లా పెచ్చూ ఏరేసి నింపిన గోనెలకి ఇఖ్లాస్ గీతల చీటీ అంటించి, చేతిలోని పిస్తోలు లాంటిదాన్ని దానిమీదికి చూపి టిక్కుమనిపిస్తుంది. ఏ ఊరి చెట్లది, ఎవరు ఏరారు, ఏ ఓడ ఎక్కుతుంది, అన్నీ అందులోకి ఎక్కిపోతాయట. ఇన్‌స్టిట్యూట్‌లో చదివేటప్పుడు లైబ్రరీ పుస్తకాలకి ఇవే చీటీలు అంటించడం నేర్పారని, ఇప్పుడు పుస్తకాల బదులు గోనెలొచ్చాయని నవ్వుతూ చెప్పేది. చిన్న వయసు, చూడచక్కని మనిషి. పైగా పీటమీద కాకుండా కుర్చీలో కూర్చుంటుంది. సిత్నాకి కడుపు మండడానికి ఆ కుర్చీ ఒక్కటి చాలు. కానీ అసలు మంట మొదలైంది గేటు దగ్గర.

ఆ ఉదయం ఇఖ్లాస్ వేలు పెట్టింది. "మళ్లీ నొక్కండి" అంది మిషన్. ఒంటికి చుట్టుకున్న తోబు కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ అదే మాట. ఇంకో వేలు పెట్టినా అంతే. చూస్తే ఏముంది, వేళ్ల కొసలన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. చిక్కటి నల్ల గోరింటాకు, ముందురోజే పెట్టుకున్నది. ఆ నలుపులోంచి మిషన్‌కి వేలిగీతలు కనిపించలేదు.

మాలో గోరింటాకు మొగుడు ఇంట్లో ఉన్న ఆడదాని సొత్తు. మొగుడు దూరాన ఉండగా పెట్టుకుంటే ఎవరి కోసమే అని అడుగుతారు. వస్తున్నాడని కబురొస్తే మాత్రం గుంటలో తల్హ్ కట్టెలు రాజేసి ఒంటికి పొగ పట్టడం, వేళ్లు ముంచుకోవడం, ఇక ఆ ఇంటి హడావుడే వేరు. అంచేత వరుసలో ఉన్నవాళ్లందరికీ క్షణంలో సంగతి తెలిసిపోయింది.

"ఓహో, వచ్చాడా మీ ఆయన? మిషన్‌కి కూడా గుర్తుపట్టలేనంతగా తయారయ్యావే!" అంది వెనకనుంచి ఒకామె.

"ఎన్నాళ్లకి! బంగారం తెచ్చాడా, ఒట్టి చేతులేనా?"

"చేతులతో పనేముందే దానికి!"

అందరూ నాలుకలాడించి పెళ్లికూతలు పెట్టారు. ఇఖ్లాస్ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గేటు లెక్కలు చూసే ఉస్తాజ్ ముఆవియా విసుక్కుంటూ పెన్ను తీసి ఆమె పేరు చేత్తో రాసుకున్నాడు. ఆమె వెనక నిలబడ్డ సిత్నా వేలు పెట్టింది. "ధన్యవాదాలు" అంది మిషన్, ఠక్కున. ఎవరూ నవ్వలేదు, కూతలు పెట్టలేదు. అప్పుడు సిత్నా మొహం చూడాలి. ఆ మాటతో దాని బతుకు సంగతి నలుగురిలో చాటించినట్టయింది.

ఆనాటినుంచి నా చెవులకి విశ్రాంతి లేదు. ఇఖ్లాస్ మొగుడు ఉత్తరాన బంగారు గనుల్లో పని. నలుపు వెలిసి, మిషన్ మళ్లీ ధన్యవాదాలు అనడం మొదలుపెట్టే వేళకి అతను మళ్లీ వచ్చేవాడు. మళ్లీ నల్లటి వేళ్లు, మళ్లీ కూతలు. ఇటు సిత్నా బంకముక్కల్ని వాటిమీద పగున్నట్టు బుట్టలోకి విసిరేది.

"అదేం మొగుడమ్మా, నెలకోసారి దిగబడతాడు? గనుల్లో తవ్వుతున్నాడా, దారిలో పడుకుంటున్నాడా?"

"నీకెందుకే? వాడు దాని మొగుడు."

"ఎవరైనా చూశారా వాణ్ణి? నువ్వు చూశావా పెద్దమ్మా?"

"నేనెందుకు చూస్తాను? నాకేమన్నా పెళ్లిచూపులా?"

"అదీ సంగతి. ఎవరూ చూళ్లేదు. పొద్దు గుంకాక వస్తాడట, తెల్లారకముందే పోతాడట. దాని ఇల్లెక్కడ? లారీల అడ్డా వెనక. లారీవాళ్లు దిగేదెక్కడ? అక్కడే." గొంతు తగ్గించి నా చెవిలో అంది, "తిజానీయే, పెద్దమ్మా. నా మొగుడే."

నాకు నవ్వాగలేదు. నవ్వినందుకు వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా ఇఖ్లాస్ పక్కనుంచి పోతుంటే ముక్కు ఎగబీల్చి వాసన చూసేది. ఆ పొగ వాసనలో తిజానీ సిగరెట్టు వాసన తగిలిందని ఓ రోజు ఒట్టేసింది కూడా. అసూయ పట్టిన మనిషికి ముక్కూ మాట వినదు.

ఆఖరికి ఓ మధ్యాహ్నం ఇఖ్లాస్ చేతిసంచిలో గోరింటాకు పొట్లం కనిపించింది. సెలవు చెప్పి త్వరగా వెళ్లిపోయింది. పని వదలగానే సిత్నా నా మణికట్టు పట్టుకుంది.

"పద. ఇవాళ ఇద్దర్నీ పట్టుకుంటాను. నువ్వు సాక్ష్యం."

"నాకు మోకాళ్ల నొప్పులే."

"తిజానీ దొరికితే నీ మోకాళ్లకి నేనే నూనె రాస్తాను, రా."

వెళ్లాను. వెళ్లకపోతే అది అక్కడ జుట్లు పీకేదాకా పోతుందని తెలుసు. నిజం చెప్పొద్దూ, ఆ మొగుణ్ణి చూడాలని నాకూ ఉంది.

వాకిలి దగ్గరకి వేసుంది. సిత్నా తలుపు కొట్టలేదు, తోసింది. పెరట్లో పొగగుంట మీద చాపముక్క, పక్కన కుండలో నీళ్లు, నేలమీద గోరింటాకు గిన్నె. ఇఖ్లాస్ ఒక్కతే కూర్చుని ఎడంచేత్తో కుడిచేతి వేళ్లకి ముద్ద పెట్టుకుంటోంది. మగవాడి చెప్పులు లేవు, చొక్కా లేదు. పొయ్యి మీద ఒక్క మనిషికి సరిపడే ములాహ్ కూర ఉడుకుతోంది. సిత్నా గది లోపలికి పోయి మంచం కింద కూడా వంగి చూసి వచ్చింది.

"ఎక్కడే వాడు?"

"ఎవరు?"

"నీ మొగుడు! నా మొగుడు! ఎవడైతే వాడు!"

ఇఖ్లాస్ మా ఇద్దరి వంకా చూసింది. కాసేపటికి విషయం అర్థమై నవ్వబోయింది, కానీ ఏడుపు వచ్చేసింది.

"ఏ మొగుడూ లేడు సిత్నా అక్కా. పెళ్లైన ఏడాదికే గనులకి పోయాడు. మొదట్లో ఫోన్ చేసేవాడు. తర్వాత ఆ నంబరే పోయింది. ఉన్నాడో, పోయాడో, ఇంకోదాన్ని కట్టుకున్నాడో నాకు తెలీదు."

"మరి ఈ గోరింటాకేంటే?" అన్నాను నేను.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉస్తాజ్ ముఆవియా నన్ను కాఫీకి పిలిచాడు పెద్దమ్మా. మీ ఆయన ఎప్పుడొస్తాడు అని రోజూ అడిగేవాడు. అడిగే తీరు నచ్చలేదు. వచ్చాడని నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? ఓ రోజు ఉక్రోషం వచ్చి వేళ్లు ముంచుకున్నాను. మర్నాడు మిషనే నా తరఫున అందరికీ చెప్పింది. ఆ తర్వాత వాడు నా వంక చూడలేదు." ముక్కు తుడుచుకుని, "మీరంతా కూతలు పెట్టారు కదా, అదీ బాగుంది" అంది.

సిత్నా జాలిపడుతుందనుకున్నాను. అది జాలిపడే రకం కాదు. గుంట పక్కన చతికిలబడి చాలాసేపు ఆ నల్లటి వేళ్లనే చూసింది.

"అంటే లేని మొగుడితో నువ్వు ఇంత వైభోగం వెలగబెడుతున్నావు. ఉన్న మొగుడితో నేను ధన్యవాదాలు అనిపించుకుంటున్నాను." కుడిచెయ్యి ముందుకి చాపింది. "నాకూ పెట్టవే."

"వద్దు సిత్నా, ఎవరి కంటైనా పడితే..." అన్నాను.

"పడాలనే కదా!"

మర్నాడు గేటు దగ్గర సిత్నా వేలు పెట్టింది. "మళ్లీ నొక్కండి." దాని జన్మలో ఆ మాట వినడం అదే మొదటిసారి. ఎంత నిదానంగా నొక్కిందని! అక్కర్లేకపోయినా ఇంకోసారి, ఇంకో వేలితో, వెనకవాళ్లందరికీ కనిపించేలా చెయ్యి పైకెత్తి మరీ నొక్కింది. కూతలు గోడ దాటి వీధిలోకి వినిపించాయి. ఆ పూటంతా సిత్నా కోతలు కోస్తూనే ఉంది. తిజానీ సెంటు తెచ్చాడట, చిక్కిపోయాడట, వెళ్లనంటే తనే బలవంతాన పంపించిందట. ఇఖ్లాస్ చీటీలు అంటిస్తూ తల ఎత్తలేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. అబద్ధానికైనా ఓ హద్దుండాలి.

అంతటితో ఊరుకునేదే. కానీ గోనెలు మోసేవాళ్లలో తిజానీ మేనత్త కొడుకు ఒకడున్నాడు. వాడు అదే మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఊళ్లోకి వచ్చి మాకు మొహం కూడా చూపించకుండా పోయావేంరా? మీ ఆవిడ గోరింటాకు చూసి ఫ్యాక్టరీ అంతా పండగ చేసుకుంటోంది" అన్నాడట. తిజానీ అప్పుడు పోర్ట్ సూడాన్ రేవులో ఉన్నాడు. అన్నాళ్లూ దొరకని టైరూ లోడూ వాడికి ఆ సాయంత్రమే దొరికాయి.

మూడోనాటి ఉదయం మేం వరుసలో నిలబడి ఉండగా దుమ్ము కొట్టుకుపోయిన లారీ ఒకటి గేటుకి అడ్డంగా వచ్చి ఆగింది. తిజానీ దిగాడు. కళ్లు చింతనిప్పులు. సిత్నా అప్పుడే మిషన్ మీద వేలు పెట్టింది.

"మళ్లీ నొక్కండి."

"నొక్కవే! ఇంకా నొక్కు, నేనూ వింటాను!" అని అరిచాడు తిజానీ. "ఎవరి కోసమే ఆ గోరింటాకు? నేను రేవులో ఉంటే ఇక్కడ నా పేరుతో వచ్చిపోయిందెవడు?"

మొన్న కూతలు పెట్టినవాళ్లందరూ సిత్నా చేతుల వంక, తిజానీ దుమ్ము బట్టల వంక మార్చి మార్చి చూశారు. మొన్న తిజానీ రానేలేదన్నది అక్కడ అందరికీ ఒక్కసారే తెలిసిపోయింది. ముఆవియా పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నోరుగల సిత్నా నల్లటి చేతుల్ని తోబు కొంగులో దాచుకుంది. తలాక్ అన్న మాట తిజానీ నోటి చివర ఉందని నాకు భయమేసింది. వాడు ఆ మాట అంటే సిత్నాకి ఇల్లూ పోయేది, పరువూ పోయేది. నేను ముందుకు వెళదామనుకుంటున్నాను.

అంతలో ఇఖ్లాస్ వరుసలోంచి బయటికి వచ్చింది.

"నేను పెట్టాను అన్నా" అంది. తన చేతులు రెండూ చాపి చూపించింది. "మా పెరట్లో, నా చేత్తో. బతూల్ పెద్దమ్మ పక్కనే ఉంది, అడుగు. మా ఆయన ఎన్నో ఏళ్లుగా రావడంలేదు. వస్తున్నాడని అందరూ అనుకోవాలని నేను ఉత్తినే పెట్టుకుంటాను. సిత్నా అక్కకి నువ్వు రాలేదని దిగులు. నన్ను చూసి తనూ పెట్టించుకుంది. అంతకు మించి ఏమీ లేదు."

"నిజమేనా పెద్దమ్మా?" అన్నాడు తిజానీ.

"అక్షరాలా నిజం. వేళకి ఇల్లు చేరే మొగుడివైతే ఈ గొడవే లేదు కదరా" అన్నాను.

తిజానీ భుజాలు దిగాయి, తర్వాత నవ్వాడు. సిత్నా ఏడుస్తోంది. చెయ్యి పట్టుకుని లారీ ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఆడవాళ్లు ఇఖ్లాస్‌ని తప్పించుకుని ఒక్కొక్కరే వేలు నొక్కి లోపలికి నడిచారు. ముఆవియా మాత్రం ఆమె పేరు రాసుకుంటూ, "అయితే ఒంటరిగా ఉంటున్నావన్నమాట ఇఖ్లాస్! ఓ మాట చెప్పొద్దూ?" అన్నాడు. ఆ పూటే కాఫీకి కబురు పంపాడు. ఆమె వెళ్లలేదు. మర్నాడూ పంపాడు.

మొగుడు ఇంట్లో ఉన్నాడు కదా, సిత్నా ఇక చల్లబడుతుందనుకున్నాను. ఇఖ్లాస్ వేళ్ల నలుపు వెలిశాక ఓ సాయంత్రం మా ఇంటికి పరుగున వచ్చింది. చేతుల్లో నిజం గోరింటాకు, ఒంట్లో నిజం పొగవాసన, మొహం మాత్రం పాత సిత్నాదే.

"లారీ ఎక్కగానే మొట్టమొదట ఏమడిగాడో తెలుసా? 'ఆ పిల్ల పేరేంటి?' అన్నాడు."

"ఏ పిల్ల?"

"ఇంకెవరు! 'అంతమందిలో నిలబడి చెప్పిందే, ఎంత గుండె!' అన్నాడు. సరే, మెచ్చుకున్నాడు, నేనూ మెచ్చుకున్నాను. నిన్న అన్నం తింటూ, 'పాపం, దానికెవరూ లేరా?' అన్నాడు. ఇవాళ పొద్దున టీ తాగుతూ, 'ఇల్లు లారీల అడ్డా వెనకేనా?' అన్నాడు." గుండెలమీద చెయ్యి వేసుకుంది. "లేనిపోని అనుమానమని నవ్వావు కదా పెద్దమ్మా. ఇప్పుడు నవ్వు."

నవ్వలేదు.

"అది నన్ను కాపాడింది. దాన్ని నేనేమీ అనలేను. తిట్టనూ లేను, కొట్టనూ లేను. తిట్టే దారి కూడా లేకుండా చేసిపెట్టింది" అంటూ లేచింది. గుమ్మం దాటబోతూ ఆగి, "నీ దగ్గర గోరింటాకు ఉంటుందా?" అంది.

"మొగుడు పోయినదాన్ని, నా దగ్గరెందుకుంటుందే?"

"సరే, బజారుకి పోతాను" అని వెళ్లిపోయింది. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఉదయం తిజానీ లారీలోనే వచ్చింది సిత్నా. వాడు ఇంజన్ ఆపి, కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని వరుస వంకే చూస్తున్నాడు. ఎవరి కోసం చూస్తున్నాడో నాకూ తెలుసు, సిత్నాకీ తెలుసు. ఇఖ్లాస్ వచ్చింది. మిషన్ మీద వేలు పెట్టింది.

"మళ్లీ నొక్కండి."

అందరూ తలలు తిప్పారు. వేళ్ల కొసలు బొగ్గులా ఉన్నాయి, నిన్నటి గోరింటాకు. ఇఖ్లాస్ తల వంచుకుంది. వెనకనుంచి ఎవరో "మళ్లీ మొదలుపెట్టిందమ్మా నాటకం" అన్నారు.

"నాటకం కాదు!" సిత్నా గొంతు చించుకుంది. మాకు చెబుతున్నట్టు నిలబడింది కానీ మొహం లారీ వైపుంది. "నిన్న సాయంత్రం దాని మొగుడు వచ్చాడు. నేను నా కళ్లతో చూశాను. ఇంత పొడుగు మనిషి, ఇంత మీసం! గనుల పని మానేశాడట, ఇక ఇక్కడే ఉంటాడట. పరాయివాడు గుమ్మంలోకి వస్తే కాళ్లు విరిచేసే రకం. నేనే దగ్గర కూర్చుని దానికి గోరింటాకు పెట్టి వచ్చాను. నమ్మనివాళ్లు వెళ్లి చూసుకోండి!"

ఎవరూ నమ్మలేదు. ముఆవియా మాత్రం ఆ మీసం మాట విని గుటకేశాడు. సిత్నా నాలుక ఆడించి ఒక్కతే కూత పెట్టింది. ఎంత గట్టిగా పెట్టిందంటే దాని గొంతు జీరబోయింది. ఇంకొకామె కలిసింది, తర్వాత ఇంకొకామె, చివరికి వరుస వరుసంతా కూసింది. తిజానీ మోచెయ్యి లోపలికి తీసుకుని ఇంజన్ స్టార్ట్ చేశాడు.

ఇఖ్లాస్ పక్కకి జరిగి సిత్నా చెయ్యి పట్టుకోబోయింది. సిత్నా విదిల్చుకుంది. "ఆ నలుపు వెలిసిపోతుంటే చెప్పు, మళ్లీ నేనే వచ్చి పెడతాను. నా మొగుడు ఊళ్లో ఉన్నన్నాళ్లూ నీ వేళ్లు తెల్లగా కనిపించాయో చంపేస్తాను" అని దాని చెవిలో అంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

తర్వాత సిత్నా నొక్కింది. "మళ్లీ నొక్కండి." ముఆవియా ఇద్దరి పేర్లూ చేత్తో రాసుకున్నాడు. ఆ ఇద్దరూ మొహాలు చెరోవైపు తిప్పుకుని, నల్లటి చేతులు ఊపుకుంటూ లోపలికి పోయారు.

నా వంతు వచ్చింది. వేలు పెట్టాను. "ధన్యవాదాలు" అంది మిషన్. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు విన్న మాటే, కానీ ఆ ఉదయం ఆ ఇద్దరి మీదా నాకు ఎక్కడలేని కుళ్లు పుట్టింది.